గుండ్రం నిలవని గిన్నె

నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో పత్తి, మిరప చేల పక్కనే సుబాబుల్ తోటలు కనబడతాయి. కాగితం మిల్లులకు పోయే ఈ కర్రకు టన్నుల లెక్కన డబ్బు వస్తుంది. అందుకే నరికిన కర్ర లారీ ఎక్కకుండా చేలో పడి ఉన్న ప్రతి రోజూ రైతుకు నష్టమే. దాన్ని ఎవరూ ఎత్తుకుపోనక్కర్లేదు, ఎండే ఎత్తుకుపోతుంది. అప్పుడే నరికిన చెట్టు బరువులో దగ్గర దగ్గర సగం నీళ్లు. వైశాఖం ఎండకు ఆ నీళ్లు గాలిలో కలుస్తున్న కొద్దీ కాటా మీద అంకె దిగిపోతుంది.

రైతుకు బరువు తగ్గడంగా కనబడే ఈ సంగతి, అదే కర్రముక్కను పెరట్లో లేతు మీద తిప్పి గిన్నె తీసుకునే మనిషికి ఇంకో రూపంలో ఎదురవుతుంది. కొలిచి గుండ్రంగా తీసిన గిన్నె కొన్ని వారాలకు కోలగా మారుతుంది. లేదంటే అంచు నుంచి అడుగు దాకా పగులు విచ్చుతుంది. కొత్తగా పని మొదలుపెట్టినవాళ్లు తమ చేతిని తిట్టుకుంటారు. చేతి తప్పేమీ లేదు. చెట్టు నీళ్లు తాగడానికి కట్టుకున్న ఏర్పాటు ఏదైతే ఉందో, అది కొయ్య ఎండేటప్పుడు తన లెక్క ప్రకారం కుదించుకుంటుంది. ఏ చెట్టుతో ఏ వస్తువు చేయాలి, ఎంత మందం ఉంచాలి, ఎన్నాళ్లు ఆగాలి అన్నవన్నీ ఆ లెక్కలోంచే వస్తాయి.

తిరిగే కొయ్య మీద ఉలి ఆనించి చేసే వస్తువులు మనకు కొత్తవి కావు. పట్టెమంచం కోళ్లు, పప్పుగుత్తి, కవ్వం, అప్పడాల కర్ర, బొంగరం, కుంకుమ భరిణె, పిల్లల లక్కపిడతలు అన్నీ తరిమెన, అంటే లేతు, పట్టినవే. అయితే ఇవి బతుకుతెరువుగా చేసినవాళ్ల పని. తీరిక వేళల్లో ఇంట్లోనే సరదాకు చేసుకోవడం గత నలభై యాభై ఏళ్లలో ప్రపంచంలో బాగా పెరిగింది. అమెరికాలో అలాంటివాళ్లు 1986లో అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్ పేరుతో సంఘం పెట్టుకున్నారు. దాని తొలి అధ్యక్షుడు డేవిడ్ ఎల్స్‌వర్త్, చిన్న మూతిలోంచి లోపలంతా తొలిచి, గోడ పలచగా మిగిల్చే బోలు పాత్రలకు పేరుపొందిన మనిషి. మన దగ్గరా ఇప్పుడు ఇంటి కరెంటుతో తిరిగే చిన్న లేతులు బల్లమీద పట్టేంతవి దొరుకుతున్నాయి. రేకుల షెడ్డు, ఒక గట్టి బల్ల, నాలుగు ఉలులు ఉంటే చాలు. కొయ్యకు అడితి దాకా పోనక్కర్లేదు. మెట్ట ప్రాంతంలో గట్టు మీద, చెరువు కట్ట మీద, రోడ్డు పక్కన ఉన్నదే ఎక్కువ.

కొయ్యలో నీళ్లు ఎక్కడ ఉంటాయి

కొయ్య అంటే ఎక్కువ భాగం నిలువుగా పక్కపక్కన అతుక్కున్న సన్నటి గొట్టాలే. ప్రతి గొట్టం ఒకప్పుడు బతికిన కణం. కణం పోయి, అది కట్టుకున్న గోడ మిగిలింది. ఇందులో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి: గొట్టం బోలులో, గొట్టం గోడలో. నరికిన కర్ర ఎండేటప్పుడు ముందు బోలులోని నీళ్లు పోతాయి. అప్పుడు బరువు తగ్గుతుంది, కొలత మాత్రం మారదు. బోలు ఖాళీ అయి గోడలోనే నీళ్లు మిగిలిన స్థితిలో ఆ తేమ, పూర్తిగా ఎండిన కొయ్య బరువుతో పోలిస్తే, సుమారు 30 శాతం. దాదాపు అన్ని చెట్లకూ ఈ అంకె అటూ ఇటూగా ఇంతే. అక్కడి నుంచి కిందికి దిగే ప్రతి శాతానికీ కొయ్య ముడుచుకుంటుంది.

ఎటు ముడుచుకుంటుందన్నదే అసలు విషయం. గోడలో సెల్యులోజ్ తంతువులు దాదాపు నిలువుగా, కొంచెం మెలికతో సాగుతాయి. నీటి అణువులు ఈ తంతువుల మధ్య దూరి కూర్చుంటాయి. అవి వెళ్లిపోతే తంతువులు ఒకదానికొకటి దగ్గరవుతాయి, కానీ వాటి పొడవు తగ్గదు. కాబట్టి దుంగ నిలువు పొడవులో తగ్గేది వెయ్యికి ఒకటో రెండో పాళ్లు. అడ్డంగా మాత్రం నూటికి కొన్ని పాళ్లు తగ్గుతుంది.

ఆ అడ్డంలోనూ రెండు దిక్కులున్నాయి. దుంగ నడుమ ఉండే దవ్వ నుంచి బెరడు వైపు సాగేది ఒకటి, వలయం వెంట చుట్టూ సాగేది ఒకటి. దవ్వ నుంచి బెరడుకు అడ్డంగా దవ్వరేఖలు అనే కణాల వరసలు పరుచుకుని ఉంటాయి. పొడవాటి కణాలు నిలువుగా ముడుచుకోనట్టే, ఈ వరసలు ఆ దిక్కున ముడుపును కొంత ఆపుతాయి. ఇదొక్కటే కారణం కాదు గానీ ఫలితం మాత్రం స్పష్టం. పచ్చి టేకు పూర్తిగా ఎండితే దవ్వ నుంచి బెరడు దిక్కుకు 2.5 శాతం, వలయం వెంట 5.8 శాతం తగ్గుతుంది. ఒకే కొయ్య, ఒకే ఎండ, రెండు దిక్కులకూ రెట్టింపు పైగా తేడా.

ఇప్పుడు గిన్నె లెక్క చూడండి. టేకు దుంగను నిలువునా చీల్చి, ఆ బద్దలోంచి 20 సెంటీమీటర్ల వెడల్పు గిన్నె తీశాం. గిన్నె అంచున ఒక అడ్డుకొలత నార వెంట పోతుంది, దానికి లంబంగా ఉన్నది నారకు అడ్డంగా పోతుంది. తేమ 30 శాతం నుంచి 12 శాతానికి దిగితే మొత్తం ముడుపులో ఐదింట మూడు వంతులు జరిగినట్టు. నార వెంట 200 మిల్లీమీటర్లు 200 గానే ఉంటుంది. అడ్డంగా 193 అవుతుంది. 7 మిల్లీమీటర్ల తేడా కంటికి ఇట్టే తెలుస్తుంది, గిన్నెను బల్ల మీద పెట్టి తిప్పితే ఇంకా బాగా తెలుస్తుంది.

పగులు లెక్క ఇంకా ముఖ్యం. దవ్వతో సహా గుండ్రటి దుంగను అలాగే ఎండనిచ్చామనుకుందాం. చుట్టుకొలత 5.8 శాతం తగ్గాలనుకుంటుంది, వ్యాసార్ధం 2.5 శాతమే తగ్గుతుంది. వృత్తంలో వ్యాసార్ధం ఎంత శాతం తగ్గితే చుట్టుకొలతా అంతే తగ్గాలి. మిగిలిన 3.3 శాతం ఎక్కడికి పోతుంది? పగులుగా విచ్చుకుంటుంది. 20 సెంటీమీటర్ల దుంగలో అన్ని పగుళ్ల వెడల్పూ కలిపితే 2 సెంటీమీటర్ల దాకా వస్తుంది. కట్టెల మోపులో ప్రతి దుంగ కొసన నక్షత్రం ఆకారంలో పగుళ్లు ఉండేది ఇందుకే. లేతు పనివాడు మొట్టమొదట చేసే పని దుంగను దవ్వ గుండా రెండుగా చీల్చి, రెండు బద్దల్లోంచీ దవ్వ తీసేయడం. చీల్చిన బద్ద స్వేచ్ఛగా ముడుచుకుంటుంది, పగలాల్సిన అవసరం దానికి ఉండదు.

బద్దను చీల్చినా గోడ మందంగా ఉంటే పగులు భయం పోదు. పైపొర ఎండి ముడుచుకోబోతుంటే లోపలి తడి పొర దాన్ని అడ్డుకుంటుంది. పైపొరలో లాగుడు పెరిగి నార విడిపోతుంది. ఇక్కడ రెండు దారులున్నాయి. గోడను ఐదారు మిల్లీమీటర్ల దాకా పలచన చేస్తే లోపలా బయటా ఒకేసారి ఎండుతుంది, గిన్నె వంకర పోతుంది గానీ పగలదు. ఆ వంకరే అందమని ఇష్టపడి చేసేవాళ్లున్నారు. గుండ్రమే కావాలంటే గోడను వెడల్పులో పదో వంతు మందాన ఉంచి, అంటే 20 సెంటీమీటర్ల గిన్నెకు 2 సెంటీమీటర్లు, మొరటుగా తీసి ఆపేయాలి. దాన్ని చెక్కినప్పుడు రాలిన పొట్టుతో పాటే గోనె సంచిలో వేసి, గాలి జోరుగా తగలని నీడన పెట్టాలి. అప్పుడప్పుడు వంటింటి తూకం మీద పెట్టి రాసుకుంటూ, బరువు దిగడం ఆగాక మళ్లీ లేతుకు ఎక్కించి, కోలగా మారిన గోడను గుండ్రంగా చెక్కాలి. మెట్ట ప్రాంతపు మే నెలలో ఈ పని మొదలుపెట్టడం మంచిది కాదు. వడగాలికి సంచిలో ఉన్నదీ పగులుతుంది. వానలు పట్టాక తీసిన గిన్నె నింపాదిగా ఎండుతుంది.

నీళ్లు పోయిన చోట ఇంకేదైనా నింపితే? అదీ చేశారు. 1628లో స్టాక్‌హోమ్ రేవులోనే మునిగిన వాసా అనే యుద్ధనౌకను 1961లో పైకి తీసినప్పుడు, 300 ఏళ్లకు పైగా నీళ్లలో నానిన ఓక్ చెక్కను ఊరికే ఎండబెడితే తునకలవుతుందని తెలిసి, పాలీ ఇథిలీన్ గ్లైకాల్ ద్రావణాన్ని 17 ఏళ్ల పాటు చల్లారు. అది గోడల్లోకి ఇంకి, నీటి స్థానంలో కూర్చుని, తంతువులను దగ్గరికి రానివ్వలేదు. అమెరికాలో ఎడ్ మౌల్త్రాప్ తన భారీ గిన్నెలకు ఇదే పదార్థం వాడాడు. ఇంట్లో చేసుకునేవాళ్లకు ఇంత హంగామా అక్కర్లేదు, చెట్టును సరిగ్గా ఎంచుకుంటే చాలు.

మెట్టలో దొరికే చెట్లు

నా మాట అడిగితే, నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల లేతు పనికి మొదట పట్టుకోవాల్సింది అందరూ ఈసడించుకునే సర్కారు తుమ్మ. చెరువుల్ని ఆక్రమించి, బీళ్లను కమ్మేసి, కాళ్లలో ముళ్లు దింపే చెట్టు ఇదే. పుట్టిల్లు అమెరికా ఖండం. 1870ల చివర్లో కడప జిల్లాలో నాటించారు. ఈ రోజు దానికి మన దగ్గర ఉన్న గౌరవం పొయ్యిలో కట్టె, బట్టీలో బొగ్గు. దీని సోదరజాతి మెస్కీట్‌ను టెక్సస్, అరిజోనాల్లో లేతు పనివాళ్లు అపురూపంగా చూసుకుంటారు. ఎర్రమట్టి రంగు చేవ ఒక కారణం. రెండోది అంకెల్లో ఉంది: మెస్కీట్ ముడుపు ఒక దిక్కున 1.6 శాతం, రెండో దిక్కున 3.2 శాతం. టేకు మీద ఎంతో తక్కువ. పైన వేసిన లెక్కే మెస్కీట్‌కు వేస్తే 20 సెంటీమీటర్ల గిన్నె 4 మిల్లీమీటర్ల లోపే కోల అవుతుంది. కలపలో రాజు అనిపించుకున్న టేకు ఈ ఒక్క పరీక్షలో కంపచెట్టు సోదరజాతి ముందు నిలవలేదు.

సర్కారు తుమ్మలోనూ చిక్కులున్నాయి. నిటారుగా పెరగదు, లావు దుంగ దొరకడం కష్టం, బెరడు కింది పసుపు చెక్కను పురుగు ఇష్టంగా తొలుస్తుంది. గట్టిదనం వల్ల ఉలికి తరచూ పదును పెట్టాలి. అందుకే పెద్ద గిన్నెలకు బదులు చిన్న వస్తువులు బాగుంటాయి: భరిణెలు, బొంగరాలు, ఉలి పిడులు, చదరంగం బంట్లు. బొంగరానికైతే బరువైన కొయ్యే కావాలి. బరువు ఇరుసుకు దూరంగా, భుజం దగ్గర ఎక్కువగా ఉండేలా చెక్కితే తిరుగుడు నిలకడ పెరుగుతుంది, మెడ సన్నగా తీయాలనే సరదాను కొంచెం అదుపులో పెట్టుకోవాలి.

చింత గురించి ఎక్కువ చెప్పాలని ఉంది. కసాయి కొట్టు మొద్దుగా, రోకలిగా మనకు తెలిసిన గట్టి కొయ్య ఇది. నడుమ ఊదారంగు చేవ కొద్దిగా, చుట్టూ లేత పసుపు చెక్క దండిగా ఉంటాయి. పసుపు చెక్కకు రూపం లేదని చాలామంది వదిలేస్తారు. ఆ మొద్దును వానాకాలంలో నేల తడి తగిలే నీడన కొన్ని నెలలు పడేసి చూడండి. శిలీంధ్రాలు లోపలికి దిగుతాయి. ఒక శిలీంధ్రపు గుంపు ఇంకో గుంపుకు ఎదురుపడ్డ చోట రెండూ తమ హద్దుల్లో నల్లటి గోడ కడతాయి. మన జుట్టుకు నలుపునిచ్చే మెలనిన్ కుటుంబానిదే ఆ రంగు. మొద్దును కోసి లేతు మీద తిప్పితే, పసుపు నేల మీద సిరాకలంతో గీసినంత సన్నటి నల్ల గీతలు వంకలు తిరుగుతూ బయటపడతాయి. పక్క ముక్కలో ఆ గీతలు ఇంకోలా ఉంటాయి, ఏ రెండు పెన్నులూ ఒకలా రావు. శిలీంధ్రం గీసిన చింత ముక్కలు పెన్నులు చేసేవాళ్లకోసం విదేశాల్లో ప్రత్యేకంగా అమ్ముతారు. ఎక్కువ కాలం వదిలితే మాత్రం చెక్క మెత్తబడి పొడి రాలుతుంది, గోరు దిగకముందే తీయాలి.

సుబాబుల్‌ను మిల్లుకోసం లేతగానే నరుకుతారు కాబట్టి దుంగ సన్నం. దవ్వ తప్పించాక మిగిలేది పప్పుగుత్తి, చపాతీ కర్ర, బొంగరం చేయడానికి సరిపోతుంది. కోయడానికి సాఫీగా ఉంటుంది, పుచ్చు త్వరగా పడుతుంది. నల్ల తుమ్మ బండి చక్రాల కుండలకు పనికొచ్చిన దృఢమైన చెక్క. వేప నార ఒక పొర ఒక వాటం, ఇంకో పొర ఇంకో వాటం తిరిగి ఉంటుంది, ఉలికి లేచిపోతుంది, ఓపిక ఉన్నవాళ్లకే.

తాడు లాగిన చేయి

జగ్గయ్యపేట ఊరి పక్కన ధనబోడు అనే దిబ్బ ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించి బౌద్ధ స్తూపాన్ని బయటపెట్టాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీస్తుశకం 3వ శతాబ్దంలో, అక్కడ స్తూపం ముందు ఉండే ఆయక స్తంభాలు నిలబెట్టించినవాడు రాజూ కాదు, సెట్టీ కాదు. సిద్ధార్థుడనే శిల్పకారుడు, నాగచంద్రుడనే శిల్పకారుడి కొడుకు. తన పనిని చెప్పుకుని మరీ శాసనం వేయించుకున్నాడు.

చేతిపనివాళ్లకు ఇలా చోటిచ్చిన బౌద్ధుల సాహిత్యంలోనే లేతు చరిత్రకు కూడా ఒక విలువైన ఆధారం ఉంది. పాళీ సతిపట్ఠాన సుత్తంలో శ్వాస మీద ధ్యాస నిలపడాన్ని వివరిస్తూ, నేర్పరి అయిన తరిమెన పనివాడు పొడవుగా లాగినప్పుడు పొడవుగా లాగుతున్నానని, పొట్టిగా లాగినప్పుడు పొట్టిగా లాగుతున్నానని తెలిసి ఉంటాడని పోలిక చెబుతారు. ధ్యానం సంగతి అలా ఉంచి యంత్రం సంగతి చూస్తే, తాడు చుట్టిన కొయ్యను లాగి తిప్పే లేతు అది. ఈజిప్టులో క్రీస్తుపూర్వం 300 ప్రాంతపు పెటోసిరిస్ సమాధి గోడ మీద కూడా ఒకడు పట్టీ లాగుతుంటే ఇంకొకడు ఉలి పట్టిన బొమ్మ ఉంది. తాడు లేతులో కొయ్య ముందుకు తిరిగి, మళ్లీ వెనక్కి తిరుగుతుంది. ముందుకు తిరిగినప్పుడే ఉలి కోస్తుంది, వెనక్కి తిరిగేటప్పుడు ఉలిని తీసి పట్టాలి. సగం కాలం ఖాళీ. లాగుడు నిడివిని బట్టి కోత నిడివి మారుతుంది కాబట్టి పనివాడి ధ్యాసంతా లాగుడు మీదే ఉండాలి. పోలిక అంత కచ్చితంగా కుదిరింది.

మోటారు వచ్చి ఆ ఖాళీని తీసేసింది. ఉలి పట్టే తీరు మాత్రం మారలేదు. నారలు ఒకదాని కింద ఒకటి ఆసరాగా ఉండేలా కోయాలి. పప్పుగుత్తి పిడి మీద లావు నుంచి సన్నం వైపు దిగితే ప్రతి నారకూ కింద ఇంకో నార ఆసరా ఉంటుంది, చెక్క గాజులా నున్నగా వస్తుంది. సన్నం నుంచి లావుకు ఎక్కితే ఆసరా లేని నార కొసలు లేచి చిరుగుతాయి.

వేగాన్ని తక్కువ అంచనా వేయకండి. నిమిషానికి 1,000 చుట్లు తిరిగే 20 సెంటీమీటర్ల గిన్నె అంచు గంటకు 38 కిలోమీటర్ల వేగంతో పోతోంది. పగులున్న ముక్క ఆ వేగంతో ముఖం మీదికి వస్తుంది. ముఖానికి అడ్డు ఉండాలి, మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా, చేతికి తొడుగులు ఉండకూడదు. ఎమిరీ పేపరు పట్టేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కొయ్య ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

లక్క, మూత, రెండు కాలాలు

లేతు పనిలో తెలుగు నేల మీద తలమానికం అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. 2017లో దాని బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగులు వదిలి చెట్ల రంగుల వైపు ఆ ఊరి పనిని మళ్లించడంలో ముందు నిలిచిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. వాడేది అంకుడు కర్ర. మన వైపు అడవుల్లోనూ ఉండే పాలకొడిశే ఇది. తెల్లగా, సన్నటి నారతో, ఎటు కోసినా ఒకే మెత్తదనంతో ఉంటుంది. నందిగామకు దగ్గరే ఉన్న కొండపల్లిది మరో దారి. అక్కడి తెల్లపొణికి బాగా తేలిక, బాడిసతో ఉలితో చెక్కి, చింతగింజల జిగురుతో అతుకుతారు. వాళ్లూ చెక్కను ముందు సన్నని సెగ మీద ఆరబెట్టి తేమ తీసేస్తారు. కొయ్యతో పని ఎవరు మొదలుపెట్టినా ముందు నీళ్ల లెక్క తేల్చుకోవాల్సిందే.

ఏటికొప్పాక పద్ధతిలో రంగు వేయడం దగ్గరి నుంచి చూడాల్సిన దృశ్యం. రంగు కలిపిన లక్క కడ్డీ గట్టిగా, పెళుసుగా ఉంటుంది. తిరుగుతున్న భరిణెకు దాన్ని ఆనించి నొక్కుతారు. మొదటి క్షణం గీరిన చప్పుడు, పొడి రాలడం. అంతలో ఆనిన చోట మెరుపు పుడుతుంది. రాపిడి వేడికి లక్క సుమారు 70, 80 డిగ్రీల దగ్గర మెత్తబడి పూతలా అంటుకుంటుంది. కొయ్య వేడిని లోపలికి పోనివ్వదు కాబట్టి, రాపిడిలో పుట్టిన వేడంతా పైపొరలోనే నిలిచి లక్కను కరిగిస్తుంది. ఇనుప ముక్క మీదైతే ఈ వేడి క్షణంలో లోపలికి జారిపోయేది. ఆపైన ఎండిన మొగలి ఆకును మడిచి అదిమితే చారలు పోయి పూత ఒకే తీరున సర్దుకుంటుంది. రేగు, మోదుగ లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగు తన ఒంటి చుట్టూ కట్టుకునే గూడు ఈ లక్క. అందులో కలిపే రంగులు: పసుపు నుంచి పచ్చన, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం. అంకుడు ఆకుల్లోనూ నీలిరంగు దొరుకుతుంది.

లక్క పూత నీటిని పూర్తిగా ఆపదు, రాకపోకల్ని నెమ్మదింపజేస్తుంది. ఇంటి గాలిలో ఉన్న కొయ్య కూడా ఎప్పటికీ ఒక కొలతకు కుదురుకోదు. నందిగామ మే నెల పొడి గాలిలో కొయ్య తేమ 6 శాతం దగ్గరికి దిగుతుంది, ముసురు పట్టిన రోజుల్లో 15 శాతానికి ఎక్కుతుంది. 6 సెంటీమీటర్ల టేకు భరిణె మూత ఈ రెండు కాలాల మధ్య ఒక దిక్కున ఒక మిల్లీమీటరు, ఇంకో దిక్కున అర మిల్లీమీటరు కంటే తక్కువ మారుతుంది. అంత తేడాకు మూత బిగుసుకుపోవచ్చు, వదులై పడిపోవచ్చు.

దీనికి మందు ఉంది. మూతనూ అడుగునూ ఒకే ముక్కలోంచి, దుంగలో పక్కపక్కన ఉన్న చోటి నుంచే తీయాలి. రెండింటినీ మొరటుగా తొలిచి, విడిగా ఆరబెట్టి, తర్వాతే మూత పట్టు కుదర్చాలి. కుదిర్చేటప్పుడు నార వాటం రెండింటిలోనూ ఒకే గీతలో ఉండాలి. అప్పుడు వానకు రెండూ ఒకే దిక్కున కోల అవుతాయి, మూత పట్టు చెడదు. మూతను పావు చుట్టు తిప్పి పెట్టారా, ఒకటి అటు కోల, ఒకటి ఇటు కోల, బిగుసుకుంటుంది. మీ ఇంట్లో పాత కుంకుమ భరిణె శ్రావణంలో తెరుచుకోకపోతే, బలం పెట్టకుండా మూతను మెల్లగా తిప్పుతూ పోండి, ఒక చోట వదులవుతుంది. నార గీత కలిసిన చోటు అదే.

మీ ఊరి చెట్ల అంకెలు మీరే తీయవచ్చు. దవ్వ తగలకుండా దుంగ కొస నుంచి వేలెడు మందం బిళ్ల కోసి, దాని మీద రెండు గీతలు 80 మిల్లీమీటర్ల పొడవున గీయండి. ఒకటి దవ్వ నుంచి బెరడు వైపు, రెండోది దానికి అడ్డంగా వలయం వెంట. బరువు, రెండు కొలతలు వారానికోసారి రాసుకోండి. మొదట్లో బరువే పడిపోతుంది, గీతలు కదలవు. ఒక రోజు నుంచి గీతలు పొట్టివవడం మొదలవుతుంది. బోలు ఖాళీ అయి గోడ ఎండడం మొదలైన రోజు అదే. చింత, వేప, సర్కారు తుమ్మ, సుబాబుల్ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చేస్తే ఏది గిన్నెకు, ఏది భరిణెకు, ఏది పప్పుగుత్తికి అన్నది మీ పుస్తకంలోనే తేలుతుంది. ప్రతి బిళ్ల మీద చెట్టు పేరు, నరికిన తేదీ పెన్సిలుతో రాయడం మరవకండి. ఎండిన తెల్లచెక్క ఏ చెట్టుదో పోల్చుకోవడం అనుభవం ఉన్నవాళ్లకూ కష్టమే.